పేజీలో కలిసిపోయిన లెక్కను బయటకు తీయడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకు బిల్లింగ్ వెబ్ అప్లికేషన్లు చేసి పెట్టే యువకులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: “రైతు పట్టీ (అమ్మిన సరుకు లెక్క చూపే బిల్లు) పేజీలో ఒక కాలమ్ పక్కకు జరిపితే మొత్తమే తప్పు వస్తోంది. అంతా లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్)లో మళ్లీ రాయాలా?” బ్రాడీపేట, అరండల్‌పేట శిక్షణ కేంద్రాల్లో పీహెచ్‌పీ నేర్చుకుని బయటకు వచ్చినవారు ఇదే ప్రశ్నను మరో రకంగా అడుగుతారు: “ఎంవీసీ రాకపోతే ఇది కుదరదా?” ఎంవీసీ అంటే లెక్కను (మోడల్), కనిపించే రూపాన్ని (వ్యూ), ఆ రెంటినీ కలిపే భాగాన్ని (కంట్రోలర్) వేరుగా ఉంచే పద్ధతి.

మళ్లీ రాయనక్కర్లేదు, కొత్త ఫ్రేమ్‌వర్క్ కూడా అక్కర్లేదు. ఉన్న పేజీల్లో ఒక్కదాన్ని తీసుకుని, అందులోని లెక్కను బయటకు లాగాలి. ఒక పేజీకి మామూలుగా ఒక పూట పడుతుంది.

సిద్ధాంతం కావలసింది కొంచెమే. ఎంవీసీ అనే ఈ విభజన వెబ్ పుట్టకముందే, 1979లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ ప్రతిపాదించినది. యార్డులో కాటా వేసే మనిషి పట్టీ రాయడు, పట్టీ రాసే గుమాస్తా తూకం మార్చడు. మన ఫైళ్లకు కూడా ఆ కట్టుబాటే కావాలి. ఫోల్డర్లకు మోడల్, వ్యూ, కంట్రోలర్ అని పేర్లు పెట్టి, పాత కోడ్‌ను యథాతథంగా వాటిలో సర్దితే విడదీసినట్టు కాదు. అలాంటి ప్రాజెక్టులు చాలా కనిపిస్తాయి.

కావలసినవి

పీహెచ్‌పీ 8.1 లేదా ఆ తరవాతి వెర్షన్, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ. జాంప్ వేసుకుని ఉంటే అన్నీ ఉన్నట్టే.

డేటాబేస్ నకలు. కొట్టులో నడుస్తున్న అసలు డేటాబేస్ మీద ఈ పని చేయకండి.

గిట్, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే సాధనం. రాకపోతే ముందు దాన్ని నేర్చుకోండి, ఈ పని వారం ఆగినా నష్టం లేదు.

రెండు ఫైళ్ల మధ్య తేడా చూపే సాధనం. వీఎస్ కోడ్‌లో ఉన్నదే సరిపోతుంది.

చేత్తో రాసిన పాత పట్టీలు నాలుగైదు, ఒక కాలిక్యులేటర్, రెండు రంగుల హైలైటర్లు.

సమయం విషయంలో ఒక మాట. సరుకు ముమ్మరంగా దిగే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పట్టీ పేజీ జోలికి వెళ్లకండి. వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారు, ఈ పనికి అవే సరైన రోజులు.

1. ఒక్క పేజీని ఎంచుకోండి

లాగిన్ పేజీతో మొదలుపెట్టకండి. అది చిన్నదిగా కనిపిస్తుంది కానీ తప్పు జరిగితే ఎవరూ లోపలికి రాలేరు. ఎప్పటికీ మారని “మా గురించి” పేజీ కూడా వద్దు, దాన్ని విడదీసి సాధించేదేమీ లేదు. యజమాని తరచూ “ఇది కాస్త మార్చు బాబూ” అనే పేజీని ఎంచుకోండి. ఇక్కడ మనం రైతు పట్టీనే తీసుకుందాం: రైతు పేరు, ఊరు, మిర్చి రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, కాటా తూకం, క్వింటా ధర, హమాలీ, అడ్వాన్సు, చివరికి చేతికి వచ్చే మొత్తం.

2. ఇప్పుడు వస్తున్న ఫలితాన్ని దాచుకోండి

కోడ్ ముట్టుకోకముందే బ్రౌజర్‌లో పట్టీ తెరిచి, పేజీ సోర్స్‌ను ఫైలుగా సేవ్ చేయండి. ఒక్క పట్టీ చాలదు. మామూలు పట్టీ ఒకటి, తగ్గింపులేవీ లేనిది ఒకటి, ఒకే రైతు తేజ, 334 రెండు రకాలూ తెచ్చినది ఒకటి, అసలు వరుసలే లేని ఖాళీ పట్టీ ఒకటి. ఈ రెంటినీ మరవకండి: అమ్మకం కంటే అడ్వాన్సు ఎక్కువై రైతే బాకీ పడిన పట్టీ, పేరులో & గుర్తు గానీ కొటేషన్ గుర్తు గానీ ఉన్న పట్టీ. తప్పులు బయటపడేది ఈ రెండింటిలోనే.

వీటిలో కనీసం ఒకదాన్ని కాలిక్యులేటర్‌తో సరిచూడండి. ఉదాహరణకు 42 టిక్కీలు, 1,806 కిలోలు, క్వింటా 13,500 రూపాయలు అనుకుందాం. అమ్మకం 2,43,810. టిక్కీకి 20 చొప్పున హమాలీ 840, అడ్వాన్సు 50,000 పోగా చేతికి 1,92,970. పాత పేజీ లెక్కే తప్పని తేలితే దాన్ని రాసిపెట్టుకోండి, ఇప్పుడే సరిదిద్దకండి. విడదీయడం, సరిదిద్దడం ఒకేసారి చేస్తే ఏ మార్పు వల్ల ఏ తేడా వచ్చిందో తేల్చలేరు.

3. వరుసలకు రంగు వేయండి

పేజీ కోడ్‌ను ముద్రించి, సమాచారానికీ లెక్కకూ సంబంధించిన వరుసలకు ఒక రంగు, కంటికి కనిపించే రూపానికి సంబంధించిన వాటికి ఇంకో రంగు వేయండి. ఈ పనికి తొందర వద్దు, అసలు విడదీయడం జరిగేది ఇక్కడే. తరవాతి మెట్లన్నీ కత్తిరించి అతికించడమే.

సందేహం వచ్చిన ప్రతి వరుస దగ్గరా ఇలా అడగండి: “ఈ పట్టీనే రైతు ఫోనుకు ఎస్ఎంఎస్‌గా పంపాల్సి వస్తే, ఈ వరుస కావాలా?” కావాలంటే అది లెక్క వైపు, అక్కర్లేదంటే ప్రదర్శన వైపు. అప్పటికీ తేలకపోతే రెండో ప్రశ్న: “ఈ వరుస తప్పయితే డబ్బు తప్పుతుందా, చూపు తప్పుతుందా?”

క్వెరీ ఎటు వైపో ఎవరికైనా తెలుసు. చిక్కంతా ఇలాంటి వాటితోనే:

రైతు బాకీ పడితే మొత్తాన్ని ఎర్రగా చూపే వరుస. ఇది నిజానికి రెండు వరుసలు. బాకీ పడ్డాడా లేదా అన్న నిర్ణయం లెక్క వైపు, ఎరుపు ప్రదర్శన వైపు. టెంప్లేట్‌లో “మొత్తం సున్నా కంటే తక్కువైతే” అని రాయకండి. లెక్క వైపు నుంచి “బాకీ: అవును” అని రావాలి, టెంప్లేట్ దానికి రంగు వేయాలి. రేపు యజమాని “వంద రూపాయల లోపు బాకీని వదిలేద్దాం” అంటే మార్చాల్సింది ఒక్క చోటే.

పైసలను దగ్గరి రూపాయికి సవరించడం. చూడటానికి అలంకారంలా ఉంటుంది కానీ ఇది డబ్బు, కచ్చితంగా లెక్క వైపు. టెంప్లేట్‌లో సవరిస్తే పట్టీలో ఒక మొత్తం, ఖాతా పుస్తకంలో ఇంకో మొత్తం ఉంటాయి. ఏడాది చివర ఆ రూపాయలు కూడబెట్టి ఆడిటర్ మిమ్మల్నే అడుగుతారు.

1,92,970లోని కామాలు, తేదీని రోజు-నెల-సంవత్సరంగా చూపడం. ఇవి ప్రదర్శన. ఎస్ఎంఎస్‌లోనూ కామాలు ఉండవచ్చు కదా అనవచ్చు. ఉండవచ్చు, కానీ తీసేసినా డబ్బు మారదు.

వరుసల క్రమం, పేజీకి ఎన్ని వరుసలు అన్నవి రెండు వైపులా పడతాయి. ఇక్కడ మరీ మడి కట్టుకోనక్కర్లేదు. “ఈ క్రమంలో ఇన్ని కావాలి” అని ఫంక్షన్‌ను అడిగి తెచ్చుకుంటే చాలు.

4. లెక్కనంతా అదే ఫైలులో పైకి తీసుకురండి

కొత్త ఫైళ్లు ఇప్పుడే వద్దు. మొదటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ కంటే ముందే క్వెరీలూ లెక్కలూ పూర్తయ్యేలా వరుసలను పైకి జరపండి. కింది భాగంలో విలువలను చూపడం మాత్రమే మిగలాలి. పేజీని మళ్లీ తెరిచి, దాచుకున్న సోర్స్‌తో పోల్చండి. ఒక్క అంకె మారినా ఆగి, కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లకండి.

ఇక్కడ ఆపేసినా మీకు సగం లాభం వచ్చినట్టే. హెడర్లు అప్పటికే పంపేశారన్న హెచ్చరిక చాలా పేజీల్లో ఈ మెట్టుతోనే మాయమవుతుంది. పేజీ సగం చూపించాక ఇంకో పేజీకి మళ్లించబోవడమే దానికి మామూలు కారణం. అప్పటికీ పోకపోతే పీహెచ్‌పీ మొదటి ట్యాగ్‌కు ముందు ఖాళీ వరుస ఉందేమో, ఫైలు బీఓఎంతో (ఎన్‌కోడింగ్‌ను సూచిస్తూ ఫైలు మొదట్లో ఉండే గుర్తుతో) సేవ్ అయిందేమో చూడండి. బీఓఎం ఎడిటర్‌లో కంటికి కనిపించదు. ఎన్‌కోడింగ్‌ను బీఓఎం లేని యూటీఎఫ్-8గా మార్చి సేవ్ చేయాలి.

5. పైభాగాన్ని ఫంక్షన్‌గా మార్చి వేరే ఫైలులో పెట్టండి

పట్టీ నంబరు ఇస్తే పేర్లున్న విలువల జాబితా తిరిగి ఇచ్చే ఫంక్షన్ ఒకటి రాయండి: రైతు, ఊరు, వరుసలు, అమ్మకం, తగ్గింపులు, చేతికి వచ్చేది, బాకీ అవునా కాదా. ఈ ఫైలును వెబ్ సర్వర్ చూపించే ఫోల్డర్‌కు బయట పెట్టండి. జాంప్‌లో అయితే హెచ్‌టీడాక్స్‌కు బయట.

ఈ ఫంక్షన్‌కు నాలుగు నిషేధాలు. ఎకో (పేజీలోకి నేరుగా ముద్రించే ఆదేశం) ఉండకూడదు. హెచ్‌టీఎంఎల్ ముక్క ఒక్కటి కూడా తిరిగి ఇవ్వకూడదు, చిన్న బోల్డ్ ట్యాగ్ అయినా సరే. బ్రౌజర్ అడ్రస్ బార్ నుంచీ ఫారం నుంచీ వచ్చే విలువలను తనంతట తాను చదవకూడదు, కావలసినవన్నీ పారామీటర్లుగానే రావాలి. సెషన్‌ను (లాగిన్ అయిన వ్యక్తి గురించి సర్వర్ గుర్తుంచుకునే వివరాలను) ముట్టుకోకూడదు. ఈ నాలుగింటిలో ఏది తప్పినా బ్రౌజర్ లేకుండా ఫంక్షన్‌ను పరీక్షించడం కష్టమవుతుంది.

క్వెరీని పీడీఓలో (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ సాధనంలో) ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌గానే, అంటే విలువలను క్వెరీ వాక్యానికి విడిగా పంపేలా రాయండి. పట్టీ నంబరును వాక్యంలో చుక్క పెట్టి అతికిస్తే, ఎవరైనా ఆ నంబరు స్థానంలో ఇంకో ఆదేశం పెట్టగలరు.

డబ్బు లెక్కలో దశాంశాలను నమ్మకండి. పీహెచ్‌పీలో 0.1, 0.7 కూడి, 10తో హెచ్చవేసి, పూర్ణాంకంగా మారిస్తే 8 కాదు, 7 వస్తుంది. కిలోలను, రూపాయలను పూర్ణాంకాలుగానే ఉంచి 1806ను 13500తో హెచ్చవేసి చివర 100తో భాగించండి. పైసలు కావాలంటే అన్నీ పైసల్లో నడిపించి చివర రూపాయల్లోకి మార్చండి. డేటాబేస్‌లో డెసిమల్ రకం వాడితే పీడీఓ ఆ విలువను అక్షరాల రూపంలో అందిస్తుందని గుర్తుంచుకోండి.

6. కింది భాగాన్ని టెంప్లేట్‌గా విడదీయండి

టెంప్లేట్‌లో ఉండదగినవి: ఉంటే-లేకపోతే, జాబితాలో ఒక్కొక్కటి చూపే లూప్, కామాలూ తేదీలూ దిద్దే చిన్న సహాయక ఫంక్షన్లు, ఎస్కేప్ చేయడం. అంతే.

ఎస్కేప్ అంటే పేరులోని ప్రత్యేక గుర్తులను బ్రౌజర్ ట్యాగ్‌గా పొరబడకుండా మార్చి చూపడం. దాని గురించి గట్టిగా చెప్పాలి. డేటాబేస్ నుంచి వచ్చిన ప్రతి పేరునూ చూపించే క్షణంలో హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ద్వారా పంపండి. పీహెచ్‌పీ 8.1 నుంచి అది ఒంటి కొటేషన్‌ను కూడా తనంతట తానే మారుస్తుంది, అంతకుముందు వెర్షన్లలో విడిగా చెప్పాలి. కొందరు జాగ్రత్త పేరుతో సేవ్ చేసేటప్పుడే ఎస్కేప్ చేస్తారు. అప్పుడు పేరులోని & గుర్తు చూపించేటప్పుడు రెండోసారి మారి, తెర మీద అర్థంలేని అక్షరాలు తేలతాయి. ఎస్ఎంఎస్‌లోనూ ఎక్సెల్‌లోనూ కూడా అవే దిగుతాయి. ఉన్నది ఉన్నట్టు దాచాలి, చూపేచోటే ఎస్కేప్ చేయాలి.

కామాలకు పీహెచ్‌పీ నంబర్‌ఫార్మాట్ మన పద్ధతి పాటించదు, 192,970 అని వేస్తుంది. మనకు 1,92,970 కావాలి. ఇంటల్ (intl) ఎక్స్‌టెన్షన్‌లోని నంబర్‌ఫార్మాటర్‌కు భారత ఇంగ్లిష్ లొకేల్ (en_IN) ఇస్తే సరిగా వస్తుంది. విండోస్ జాంప్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ చాలాసార్లు ఆపి ఉంటుంది. పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైలులో ఆ వరుస ముందున్న సెమీకోలన్ తీసి అపాచీని మళ్లీ మొదలుపెట్టండి.

పొడవైన తెలుగు పేర్లను కోడ్‌లో కత్తిరించకండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ వాటిని మధ్యలో నరికితే చివర ప్రశ్నార్థకపు డబ్బా మిగులుతుంది. మల్టీబైట్ ఫంక్షన్ వాడినా వత్తు ఊడిపోవచ్చు. పట్టే వెడల్పు తెలిసేది పేజీకే కాబట్టి ఆ పని సీఎస్ఎస్‌కు వదిలేయండి.

7. మధ్యలో మిగిలింది చిన్న ఫైలే

ఇప్పుడు పాత ఫైలులో పది, పదిహేను వరుసలు మిగిలి ఉంటాయి. పట్టీ నంబరు చదవడం, అది అంకెలేనా అని చూడటం, లాగిన్ అయిన వ్యక్తికి ఆ పట్టీ చూసే హక్కు ఉందా అని చూడటం, ఫంక్షన్‌ను పిలవడం, ఫలితాన్ని టెంప్లేట్‌కు ఇవ్వడం. ఇది వంద వరుసలు దాటుతోందంటే లెక్క ఏదో ఇక్కడే నక్కి ఉంది.

హక్కుల తనిఖీని టెంప్లేట్‌లో పెట్టకండి. “తొలగించు” బటన్‌ను గుమాస్తాకు కనిపించకుండా చేసినంత మాత్రాన అతను తొలగించలేడని కాదు. ఆ పనికి పేజీ చిరునామా (యూఆర్ఎల్) తెలిస్తే చాలు. బటన్ దాచడం మర్యాద, ఆపడం ఈ ఫైలు పని.

పట్టీ సేవ్ చేసే ఫారం అయితే, సేవ్ అయ్యాక టెంప్లేట్ చూపకుండా పట్టీ పేజీకి మళ్లించండి. లేకపోతే ఎవరైనా రిఫ్రెష్ నొక్కి, బ్రౌజర్ అడిగే ప్రశ్నకు సరే అంటే అదే పట్టీ రెండోసారి నమోదవుతుంది.

నిజంగా విడిపోయిందా? ఇలా చూడండి

పోలిక: మెట్టు 2లో దాచిన సోర్స్‌లతో కొత్త వాటిని పోల్చండి. ఖాళీ స్థలాల తేడాలను పట్టించుకోవద్దని సాధనానికి చెప్పండి. మిగతా ప్రతి తేడాకూ మీ దగ్గర కారణం ఉండాలి.

బ్రౌజర్ లేని పరీక్ష: కమాండ్ లైన్ నుంచి ఆ ఫంక్షన్‌ను పిలిచి ఫలితాన్ని ముద్రించండి. చేతికి వచ్చేది 192970 అని రావాలి. సెషన్ గురించో ఫారం విలువ గురించో ఫిర్యాదు వస్తే మెట్టు 5లోని నిషేధం ఏదో తప్పింది.

డేటాబేస్ లేని పరీక్ష: నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఫంక్షన్ స్థానంలో చేత్తో రాసిన విలువల జాబితాను టెంప్లేట్‌కు ఇవ్వండి. కనెక్షన్ ఫైలును పిలిచే వరుసను కాసేపు ఆపి, జాంప్ ప్యానెల్‌లో మైఎస్‌క్యూఎల్ ఆపేయండి. పేజీ చెక్కుచెదరకుండా తెరుచుకోవాలి. ఎర్రర్ వచ్చిందంటే టెంప్లేట్ ఎక్కడో దొంగచాటుగా డేటాబేస్‌ను పలకరిస్తోంది. ఈ పరీక్షకు ఇంకో ఉపయోగం ఉంది: డిజైన్ చేసేవారికి డేటాబేస్ ఇవ్వకుండానే పని అప్పగించవచ్చు.

రెండో రూపం: అదే ఫంక్షన్‌తో పట్టీని సీఎస్‌వీ ఫైలుగా ఇచ్చి చూడండి. ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మార్చకుండా కుదరాలి. ఎక్సెల్‌లో తెలుగు పేర్లు గజిబిజిగా కనిపిస్తే ఫైలు మొదట్లో బీఓఎం జోడించండి. పీహెచ్‌పీ ఫైళ్లకు వద్దన్నది ఇక్కడ కావాలి.

తరచూ జరిగే తప్పులు

లూప్‌లో క్వెరీ. రోజువారీ జాబితా టెంప్లేట్‌లో ప్రతి పట్టీకీ రైతు ఊరు తెచ్చే ఫంక్షన్‌ను పిలుస్తారు. 200 పట్టీలు ఉంటే జాబితాకు ఒకటి, ఊళ్లకు 200, మొత్తం 201 క్వెరీలు. మీ కంప్యూటర్‌లో పది పట్టీలతో తేడా తెలియదు, కొట్టులో మధ్యాహ్నానికి పేజీ ఈడుస్తుంది. రెండు టేబుళ్లను కలిపే జాయిన్ రాసి ఒకేసారి తెచ్చుకోండి.

క్వెరీలోనే అలంకరణ. తేదీని క్వెరీలోనే రోజు-నెల-సంవత్సరం అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాల ప్రకారం వరుస పెడితే మార్చి 2 కంటే జనవరి 10 వెనక్కు పోతుంది. మొత్తానికి ముందే కామాలు పెట్టి పంపితే ఇంకా ప్రమాదం: “1,92,970”ను పీహెచ్‌పీలో పూర్ణాంకంగా మారిస్తే మిగిలేది 1. ఎర్రర్ కూడా రాదు.

ఒకే లెక్క రెండు చోట్ల. టైప్ చేస్తుండగానే మొత్తం కనిపించాలని జావాస్క్రిప్ట్‌లో కూడా లెక్క రాస్తారు. చూపడానికి పరవాలేదు. సేవ్ చేసేటప్పుడు మాత్రం బ్రౌజర్ పంపిన మొత్తాన్ని పక్కన పెట్టి, తూకం, ధర తీసుకుని సర్వర్‌లోనే మళ్లీ లెక్కించండి. బ్రౌజర్ నుంచి వచ్చేదాన్ని ఎవరైనా మార్చి పంపగలరు.

అతిగా విడదీయడం. మూడు పేజీల అప్లికేషన్‌కు ముప్పై క్లాసులు రాసి, ఒక ఫీల్డ్ పేరు మార్చడానికి ఏడు ఫైళ్లు తెరవడం. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

వేరే సాధనాలు వాడుతుంటే

లారావెల్ బ్లేడ్, ట్విగ్, పైథాన్‌లో జాంగో టెంప్లేట్లు తమంతట తామే ఎస్కేప్ చేస్తాయి. ఫ్లాస్క్ వాడేవారికి జింజా కూడా హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లలో అంతే. కాబట్టి మళ్లీ చేత్తో ఎస్కేప్ చేయకండి, ఎస్కేప్‌ను ఆపే మీట జోలికి వెళ్లకండి. బ్లేడ్‌లో ఆ మీట ఆశ్చర్యార్థకాలతో ఉంటుంది. మిగతా మెట్లన్నీ యథాతథంగా వర్తిస్తాయి, రంగులు వేయడంతో సహా. రియాక్ట్ వాడుతుంటే మెట్టు 5 ఫంక్షన్ ఫలితాన్ని జేసన్‌గా పంపండి, అదే మీ ఏపీఐ.

అన్నీ సరిపోయాక పాత ఫైలును తొలగించండి. “పాతది” అని తోక తగిలించి సర్వర్‌లోనే ఉంచవద్దు. పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ మారిన ఫైలును అపాచీ నడపదు, అడిగినవారికి మామూలు అక్షరాలుగా చూపించేస్తుంది. ఆ అక్షరాల్లో మీ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉండవచ్చు. ఇప్పటికే అలాంటి ఫైళ్లు ఉంటే వాటిని తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. పాత కోడ్ ఎప్పుడైనా కావాలంటే గిట్‌లో ఉంటుంది.